రెండేళ్ల కాలేజీలో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ (మధ్యలో పాలిటెక్నిక్)

శ్రీధర్: రికార్డవుతోందా? సరే. పోయిన వారం మన పాడ్‌కాస్ట్‌కు పార్కింగ్ గురించి మెయిల్ పెట్టినోళ్లందరికీ దండం. ఆ టాపిక్ క్లోజ్.

స్వాతి: క్లోజ్ చేసింది నువ్వొక్కడివే అన్నా.

శ్రీధర్: ఇయ్యాల కాలిఫోర్నియాల కమ్యూనిటీ కాలేజీ, అంటే రెండేళ్ల కాలేజీ. డి ఆంజా, ఫుట్‌హిల్, మా ఫ్రీమాంట్ ఓలోనీ. అక్కడ రెండేళ్లు చదివి యూనివర్సిటీల ఎంఐఎస్, అంటే మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లోకి ట్రాన్స్‌ఫర్ అయ్యే సంగతి. మీ తమ్ముడు గదే చేసిండు కదా?

స్వాతి: అవును. డి ఆంజా, తర్వాత శాన్ హోసే స్టేట్. కాలిఫోర్నియా రెసిడెంట్లకి డి ఆంజాలో యూనిట్‌కి, అంటే క్రెడిట్‌కి, 31 డాలర్లు; అది క్వార్టర్ల కాలేజీ. సెమిస్టర్ కాలేజీల్లో 46. ముందు అసిస్ట్ డాట్ ఆర్గ్ తెరవండి.

శ్రీధర్: వచ్చింది అసిస్ట్! రెండు నిమిషాలు కూడా కాలే.

స్వాతి: రానీ. ఏ క్లాసు ఎక్కడ చెల్లుతుందో అందులోనే ఉంటుంది. ఎంఐఎస్ అంటే అక్కడ బిజినెస్ డిగ్రీ అన్నా. మనవాళ్లు జావా, పైథాన్ తీసుకుని మురిసిపోతారు. అకౌంటింగ్, రెండు ఎకనామిక్స్‌లు, స్టాటిస్టిక్స్ మిగిలిపోతాయి. మళ్లీ ఒక ఏడాది.

శ్రీధర్: మీ పెద్దమ్మ ఏమన్నది?

స్వాతి: ఏమంటుంది? ఫోన్ చేసిన ప్రతిసారీ "వాడిది ఏ యూనివర్సిటీ?" అనే. అమ్మేమో "కాలిఫోర్నియాలో" అని ఊరుకునేది. [నవ్వులు] ఎలాగూ పట్టా మీద శాన్ హోసే స్టేట్ పేరే కదా, డి ఆంజా పేరుండదు.

శ్రీధర్: దాచుడెందుకు మరి?

స్వాతి: దాచడం కాదు...

శ్రీధర్: దాచుడే. నేను టెన్త్ అయినంక పాలిటెక్నిక్ పోయిన. ఇంటర్ సీటు రాలేదేమో అనుకున్నరు అందరు. అటెన్క డిప్లొమా అయినోళ్లు రాసే ఎంట్రన్స్, ఈసెట్ రాసి బీటెక్ సెకండ్ ఇయర్‌ల చేరిన. లెక్క చూడు: ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు, ఆరేండ్లు. డిప్లొమా మూడు, బీటెక్ మూడు, గదీ ఆరే. అయినా క్లాసుల మమ్మల్ని "లేటరల్ బ్యాచ్" అని ఒక మూలకు కూసోబెట్టేటోళ్లు. ల్యాబ్‌ల వైరింగ్ చెయ్యాలంటే మాత్రం మేమే కావాలె.

స్వాతి: నీ బాధ అర్థమైంది, కానీ రెండూ ఒకటి కావు. ఈసెట్ ఒక్క పరీక్ష. ఆ రోజు ర్యాంకు వచ్చిందా, అయిపోయింది. ఇక్కడ రెండేళ్లూ ప్రతి గ్రేడూ లెక్కే. ఒక్క క్లాసు మ్యాచ్ కాకపోతే...

శ్రీధర్: అసిస్ట్ అనకు.

స్వాతి: అసిస్ట్‌లో కనిపిస్తుంది అంటున్నా.

శ్రీధర్: నువ్వు పరీక్ష కష్టం చెప్తున్నవ్. నేను చెప్తున్నది మాథ్స్ సంగతి. ఫస్టియర్ మాథ్స్ చదవకుంట సీదా సెకండ్ ఇయర్ మాథ్స్‌ల పడ్డం మేం. లెక్చరర్ "ఇది మీకు తెలుసు కదా" అని దాటేస్తడు. తెల్వదు సార్ అని లేచి చెప్పనీకె ధైర్యమేది?

స్వాతి: ...మా తమ్ముడూ అదే అన్నాడు, నిజం చెప్పాలంటే. మూడో ఏడాది చేరేసరికి గ్రూపులన్నీ ఫిక్సయిపోయి ఉంటాయంట. ప్రాజెక్టుకి ఎవరూ పిలవరు. మొదటి సెమిస్టర్ ఇంటికి వచ్చి తిని పడుకునేవాడు, అంతే.

శ్రీధర్: అమ్మకు చెప్పిండా?

స్వాతి: నాకే చాలా రోజులు చెప్పలేదు.

శ్రీధర్: చూసినవా? "కాలిఫోర్నియాలో" అంటే గిట్లనే ఉంటది.

స్వాతి: అన్నా, అమ్మని అనకు. అప్పుడు మా ఇంట్లో హెచ్‌ఫోర్, అదే డిపెండెంట్ వీసా గొడవ కూడా నడుస్తోంది. వాడికి 21 నిండితే ఏంటి అని. ఆమెకి కాలేజీ పేరు చివరి విషయం.

శ్రీధర్: సరే సరే. ఆమె చేసిన గోంగూర తిన్న నోటితో అనలేను.

స్వాతి: టాపిక్‌కి వద్దామా? యూసీ ట్యాగ్ అని ఒకటుంది, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వాళ్ల ట్రాన్స్‌ఫర్ గ్యారంటీ. డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, సాంటా బార్బరా, సాంటా క్రూజ్, ఈ ఆరింటిలో ఒక్కదానికే పెట్టాలి, సెప్టెంబర్‌లో. షరతులన్నీ కుదిరితే సీటు గ్యారంటీ. బర్క్‌లీకీ యూసీఎల్‌ఏకీ లేదు. అన్ని మేజర్లకీ ఉండదు, చూసుకోవాలి.

శ్రీధర్: ఎక్కడ చూసుకోవాలె?

స్వాతి: క్యాంపస్ సైట్లో. అసిస్ట్ అంటాననుకున్నావు కదా?

శ్రీధర్: [నవ్వు] పడిపోయిన. గానీ ఈసెట్ల కూడా...

స్వాతి: మళ్లీ ఈసెట్! అన్నా, మిల్పిటాస్ నుంచి ఒకావిడ అడిగారు. అకౌంటింగ్ మూడు భాగాల్లో ఏ, బీ ఒక కాలేజీలో, సీ ఇంకో చోట చేయొచ్చా అని. చేయకండి, ఒకేచోట పూర్తి చేయండి, లేకపోతే...

శ్రీధర్: ఆగు, మా బుడ్డోడి పియానో క్లాస్ అయిపోయినట్టుంది, ఫోన్ మీద ఫోన్.

స్వాతి: వెళ్లు. నేను ఆవిడకి మెయిల్ పెడతా.