గార్డు బుర్రలో ఎంత చరిత్ర ఉంది?

అందరికీ నమస్కారం.

చారిత్రక నేపథ్యం ఉన్న స్టెల్త్ గేమ్ (శత్రువుల కంటబడకుండా దొంగచాటుగా మెలుగుతూ ఆడే వీడియో గేమ్) ఏది వచ్చినా చర్చంతా హీరో బట్టల చుట్టూనే తిరుగుతుంది. ఆ కవచం ఆ కాలానిదేనా, కత్తి ఒర అలాగే వేలాడేదా అని గంటల తరబడి వాదించుకుంటాం. ఆ వాదనలు నాకూ ఇష్టమే. కానీ స్టెల్త్ గేమ్‌కి అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకోటి ఉంది. ఆ బట్టల్లో, ఆ వేళప్పుడు, అక్కడ తిరిగే మనిషిని చూసి గార్డు ఏమనుకోవాలి? హీరో ఒంటి మీద ఎంత చరిత్ర ఉందో గార్డు బుర్రలోనూ అంత ఉండాలి. లేకపోతే ఎంత శ్రద్ధగా గీసిన దుస్తులైనా వేషంగానే మిగిలిపోతాయి.

2007లో వచ్చిన మొదటి అసాసిన్స్ క్రీడ్‌నే చూడండి. కథ 1191లో, మూడో క్రూసేడ్ (క్రైస్తవుల మతయుద్ధం) రోజుల్లో, డమాస్కస్, ఏకర్, జెరూసలేం నగరాల్లో జరుగుతుంది. చీకట్లో కాకుండా పట్టపగలు జనం మధ్యే దాక్కోవచ్చన్న ఆలోచనను అంత ధైర్యంగా వాడుకున్న గేమ్ అది. తెల్ల అంగీలు వేసుకున్న పండితుల గుంపులో హీరో అల్తాయిర్ తల వంచుకుని నడుస్తుంటే గార్డులు పట్టించుకోరు. ఇప్పుడు ఆ గార్డు నిలబడ్డ చోట నిలబడి చూడండి. ఆ పండితుల్లో ఒకడికి నడుముకు ఎర్ర పట్టీ, పక్కన పొడవాటి కత్తి, ఒంటి మీద విసురుకత్తులు, కళ్ల దాకా దించిన ముసుగు. ఎడమ చేతికి ఉంగరపు వేలు కూడా లేదు. ఊరంతటిలో ముందు ఆపాల్సిన మనిషి అతనే!

డిజైనర్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కెమెరా హీరో వెనకే ఉంటుంది కాబట్టి వంద మందిలో ఉన్నా ప్లేయర్ అతన్ని ఇట్టే గుర్తుపట్టాలి. ప్లేయర్‌కి కొట్టొచ్చినట్టు కనబడే మనిషి గార్డు కంట్లో మాత్రం పడకూడదు. ఈ రెండూ ఒకే డ్రెస్సుతో సాధించడం కష్టం. 1868 లండన్‌లో నడిచే, అదే సిరీస్‌లోని సిండికేట్ దీనికి సగం పరిష్కారం చూపించింది. దాని హీరో జేకబ్ వీధిలో అందరిలాగే టోపీ పెట్టుకుని తిరుగుతాడు, దొంగచాటుగా మెలగాల్సినప్పుడే హుడ్ తలకెక్కుతుంది. చిన్న మార్పే గానీ సరైన దిశలో వేసిన అడుగు.

జపాన్ గూఢచారులైన నింజాల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. గేముల్లో వాళ్లు ఎప్పుడూ నల్లబట్టల్లోనే కనిపిస్తారు. 1681 నాటి షోనింకి అనే గూఢచర్య గ్రంథం మాత్రం ఏడు మారువేషాలు చెబుతుంది. వాటిలో వ్యాపారి ఉన్నాడు, కొండల్లో తిరిగే సాధువు ఉన్నాడు, గారడీ చేసేవాడు ఉన్నాడు. తల మొత్తం కప్పేసే బుట్టలాంటి టోపీ పెట్టుకుని షకుహచి వేణువు ఊదుకుంటూ తిరిగే కొముసో సన్యాసి కూడా ఉన్నాడు. ఇవన్నీ పనులు. ఆ పని రాకపోతే ఆ వేషం నిలవదు. చెక్‌పోస్టు దగ్గర గార్డు ఆపి "ఏదీ, ఒక పాట వాయించు" అన్నాడనుకోండి. బుట్ట కింద హీరో ముఖం కనబడదు, కానీ వేళ్లు కనబడతాయి. ఆ టెన్షన్ ముందు గడ్డిలో నక్కి కూర్చోవడం ఏపాటి?

నాకు బాగా నచ్చిన ప్రయత్నం అసాసిన్స్ క్రీడ్ సిరీస్‌లోనే 2012లో వచ్చిన లిబరేషన్. 18వ శతాబ్దపు న్యూ ఆర్లీన్స్, ఫ్రెంచ్ వర్తకుడికీ ఆఫ్రికన్ బానిస స్త్రీకీ పుట్టిన ఎవలిన్ దాని హీరోయిన్. ఆమెకు మూడు వేషాలు: దొరసాని, బానిస, హంతకురాలు. దొరసాని గౌనులో గోడలెక్కడం కుదరదు, కానీ గార్డుల మీద మాటల మంత్రం వేయొచ్చు. బానిస బట్టల్లో పెట్టె భుజానికెత్తుకుంటే పనివాళ్లలో కలిసిపోవచ్చు. బట్ట మారితే లోకం ఆమెతో మెలిగే తీరే మారిపోతుంది. ఆ నగరంలో ఇది కల్పన కాదు. గేమ్ కథ ముగిసిన కొన్నేళ్లకు, 1786లో, స్వేచ్ఛగా ఉన్న నల్లజాతి స్త్రీలు జుట్టు కనబడకుండా గుడ్డ కట్టుకోవాలని గవర్నర్ మిరో ఆజ్ఞే జారీ చేశాడు. ఎవరు ఎవరో చూడగానే తెలియాలన్నదే దాని ఉద్దేశం.

అంత మంచి గేమ్ కూడా గార్డు బుర్ర దగ్గరికొచ్చేసరికి తడబడింది. న్యూ ఆర్లీన్స్ ఉన్న లూసియానాలో 1724 నుంచి అమల్లో ఉన్న బానిసల చట్టం (కోడ్ నోయిర్) వేర్వేరు యజమానుల బానిసలు గుమిగూడటాన్ని నిషేధించింది, ఆయుధాలే కాదు పెద్ద కర్రలు పట్టుకోవడాన్ని కూడా. అలాంటి చోట ఏ పనివాళ్ల గుంపులో దూరినా కాపలావాడి నోట ముందు రావాల్సిన మాట "నువ్వెవరి మనిషివి?" అని. గేమ్‌లో ఆ మాట ఎవరూ అడగరు. అడిగి ఉంటే బానిస బట్టలు దాక్కునే తెరలా కాక, అప్పట్లో అవి మోసిన ప్రమాదమంతా మోసేవి.

ఇలా అడగగలిగిన గేమ్ ఒకటి వచ్చింది. 1403 బొహీమియాలో (ఇప్పటి చెక్ దేశంలో), కమ్మరి కొడుకు హెన్రీ కథగా 2018లో విడుదలైన కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్. గొలుసు కవచం తొడిగితే అడుగడుక్కీ చప్పుడు. మెరిసే, కొట్టొచ్చే రంగు బట్టలు దూరం నుంచే కంటబడతాయి. నెత్తుటి మరకలతో ఊళ్లోకి వెళ్తే జనం ముఖాలు మారిపోతాయి. వీటన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది దివిటీ రూల్. రాత్రిపూట ఊళ్లో వెలుగు లేకుండా తిరగడం నేరం, గార్డు పట్టుకుంటాడు. దివిటీ పట్టుకుంటే చట్టప్రకారం మంచివాడివే, కానీ వీధి చివరి నుంచే కనబడతావు. ఆర్పేస్తే కనబడవు, కానీ దొరికితే చెప్పుకోడానికి ఏమీ ఉండదు. దొంగతనానికి బయల్దేరిన వాణ్ని ఆ ఊరి కట్టుబాటు ఇంత ఇరకాటంలో పెట్టడం నాకు వేరే ఏ గేమ్‌లోనూ ఇంత సహజంగా అనిపించలేదు.

ఇవన్నీ పెడితే గేమ్ చాదస్తంగా తయారవుతుంది, ప్లేయర్ విసుగెత్తిపోతాడు అంటారు కొందరు. అన్నీ పెట్టమని నేను అడగడం లేదు. ఆ కాలానికే చెందిన ఒక్క కట్టుబాటు తీసుకుని గార్డుకి నేర్పినా చాలు. జపాన్‌లో 1588లో అప్పటి పాలకుడు హిదెయోషి రైతుల దగ్గర కత్తులు, ఈటెలు, తుపాకులు ఉండకూడదని ఆజ్ఞాపించి వాటిని రాబట్టాడు. 1579లో మొదలయ్యే అసాసిన్స్ క్రీడ్ షాడోస్, 1615లో జరిగే షాడో టాక్టిక్స్ అనే రెండు జపాన్ గేములు ఆ ఆజ్ఞకు చెరోవైపు ఉన్నాయి. నడుముకు కత్తితో దారిన పోయే రైతును మొదటి గేమ్‌లో గార్డు చూసీ చూడనట్టు వదిలేయాలి, రెండో దానిలో అదే రైతును నిలబెట్టి పేరూ ఊరూ అడగాలి.