గ్రసలేమ కొండల్లో శరదృతువు నడక

శ్రోతలకు నమస్కారం. స్పెయిన్ అనగానే మనలో చాలామందికి మండుటెండ, ఎర్రనేల, ఆలివ్ తోటలు గుర్తుకు వస్తాయి. ఆ దేశపు దక్షిణాన, ఆండలూసియా ప్రాంతంలోని కాదిస్ జిల్లాలో, గ్రసలేమ అనే చిన్న ఊరు ఉంది. తెల్లటి సున్నపు గోడలతో, పెంకుటిళ్లతో, సముద్రమట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తున కొండ ఒడిలో ఒదిగిన ఆ ఊళ్లో ఏడాదికి సగటున దాదాపు 2,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. స్పెయిన్‌లో అత్యధిక వర్షపాతం గల ప్రదేశాల్లో అది ఒకటి. ఉద్యోగరీత్యా సెవిల్ నగరంలో ఉన్న రోజుల్లో, అక్కడి నడక బృందాలతో కలిసి రెండేళ్లు వరుసగా శరదృతువులో ఆ కొండలు ఎక్కాను. ఆ రెండు నడకలూ నాకు ఒకే విషయాన్ని రెండు రకాలుగా నేర్పాయి. దాని గురించే ఈ రోజు మీతో మాట్లాడతాను.

అంత వాన అక్కడే ఎందుకు పడుతుందో ముందు చెప్పాలి. అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా తేమ నింపుకుని వచ్చే గాలికి, తీరంలోని పల్లపు నేలలు దాటాక అడ్డుపడే మొదటి పెద్ద కొండలు ఇవే. గాలి ఆ కొండలనెక్కుతూ చల్లబడి, మోసుకొచ్చిన నీటిని అక్కడే దింపేస్తుంది. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలను తాకినప్పుడు జరిగేదీ ఇదే. అయితే కాలం వేరు. అక్కడ వేసవి అంతా దాదాపు చినుకు ఉండదు. వానలు శరదృతువుతో మొదలవుతాయి. పడమటి గాలిని ఆ ప్రాంతంవాళ్లు పొనియెంతె అంటారు. ఉదయం బస్సు దిగేసరికి తేటగా ఉన్న ఆకాశం, ఆ గాలి తిరిగిందంటే, రెండు గంటల్లో శిఖరానికి తలపాగా చుట్టినట్టు మబ్బుతో నిండిపోతుంది.

ఆ కొండల్లో అందరూ నడవాలని కోరుకునే దారి ఒకటుంది. గ్రసలేమ దగ్గర మొదలై, పైన్ చెట్ల మధ్య నిటారుగా ఎక్కి, 1,200 మీటర్లు దాటిన ఒక కనుమ మీదుగా అవతలికి దిగి, పిన్సాపో అనే అరుదైన చెట్ల అడవిలోంచి బెనమావోమా అనే ఊరు చేరుతుంది. దూరం దాదాపు 12 కిలోమీటర్లు. ఎండాకాలంలో కార్చిచ్చు భయంతో ఆ అడవిలో ఆంక్షలు ఉంటాయి. అక్టోబర్ నడిమికి అవి సడలుతాయి. రోజుకు ఇంతమందినే అనే పరిమితి ఉన్నందువల్ల బృందాలు ముందుగానే అనుమతి తీసుకోవాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. అనుమతి తేదీ ముందే ఖాయమైపోతుంది గానీ, ఆ రోజు వాన పడుతుందో లేదో అప్పుడే ఎవరికి తెలుస్తుంది? దొరక్క దొరికిన అనుమతి, మాట్లాడుకున్న బస్సు, కట్టిన డబ్బు అన్నీ కలిసి, వద్దని చెప్పవలసిన నోటిని కట్టేస్తాయి.

మొదటి ఏడాది మా విషయంలో అదే జరిగింది. మధ్యాహ్నం తర్వాత వాన పడుతుందని స్పెయిన్ వాతావరణ సంస్థ పసుపు హెచ్చరిక ఇచ్చింది. మేము 24 మందిమి. దారి చూపించే ఆయనకు ఆ కొండలు కొట్టినపిండి. మధ్యాహ్నం లోపు దాటేస్తామన్న ధీమాతో బయలుదేరాము. ఎక్కుడు మొదలైన అరగంటకే వరుస సాగిపోయింది. ముందున్నవాళ్లు మలుపు దగ్గర ఆగి, నీళ్లు తాగి, ఊపిరి తీసుకుని, చివరివాళ్లు కనబడగానే లేచి మళ్లీ నడక సాగించేవారు. అంటే విశ్రాంతి అవసరం లేనివాళ్లకు ప్రతి మలుపులోనూ విశ్రాంతి దొరికింది. అలసిపోయి వచ్చినవాళ్లకు మాత్రం ఒక్కసారి కూడా కూర్చునే వీలు చిక్కలేదు. బృంద నడకల్లో నేను చూసిన అన్యాయాలన్నింటిలోకి ఇది పెద్దది. చేసేవాళ్లకు అది అన్యాయమని తోచకపోవడమే అందుకు కారణం.

కనుమ చేరేసరికి మబ్బు దిగింది. పది అడుగుల అవతల ఏమున్నదీ తెలియడం లేదు. లెక్క పెడితే 22 మందే ఉన్నాము. మోకాలి నొప్పితో వెనకబడిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, ఆమెకు తోడుగా ఆగిన స్నేహితురాలు కనిపించలేదు. ఇద్దరు ఈలలు వేసుకుంటూ వెనక్కి దిగారు. మిగిలిన మేమంతా చెమటతో తడిసిన చొక్కాలతో, ఆ గాలిలో అరగంట పైగా నిలబడ్డాము. అరగంట ముందు వేడికి కోట్లు విప్పినవాళ్లకే పళ్లు టకటకలాడాయి. దారి కనబడకపోయేసరికి ఆ ఇద్దరు స్త్రీలు మరో అడుగు వేయకుండా ఒక బండ చాటున కూర్చున్నారు. వాళ్లు చేసిన ఆ మంచి పని వల్లనే ఏ కీడూ జరగలేదు. అందరం వచ్చిన దారినే వెనక్కి దిగిపోయాము. ముందున్నవాళ్లు వెనక ఎవరో చూస్తున్నారనుకున్నారు, వెనకున్నవాళ్లు ముందు ఎవరో ఆగుతారనుకున్నారు. నడుమ నడిచిన నేను ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. ఒంటరిగా నడిచేవాడు తన ప్రాణానికి తానే పూచీ అని ఎరిగి నడుస్తాడు. గుంపులో ఆ ఎరుక పంచుకున్నకొద్దీ పలచబడుతుంది.

మరుసటి ఏడాది వేరొక బృందంతో వెళ్లాను. నేను చెప్పగా ఆ ఉపాధ్యాయురాలు కూడా చేరారు. బస్సు ఎక్కేముందే బృందాన్ని నడిపేవాళ్లు, సంచిలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పొడి చొక్కా ఉందో లేదో ఒక్కొక్కరినీ అడిగి, తీయించి చూశారు. నూలు చొక్కా తడిస్తే ఒంటిమీద త్వరగా ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. పదకొండున్నరకు కనుమ చేరకపోయినా, అప్పటికే అక్కడ మబ్బు దిగి ఉన్నా వెనక్కి తిరుగుతామని బస్సులోనే అందరికీ చెప్పేశారు. ఒళ్లు పొడిగా, బుద్ధి స్థిమితంగా ఉన్నప్పుడు చేసిన ఆ నిర్ణయాన్ని కొండమీద ఎవరూ తిరిగి చర్చకు పెట్టరు. ఇంకొక సంగతి గుర్తుచేశారు: అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు గనుక, కిందటి వారం ఏడున్నర దాకా ఉన్న వెలుగు ఇప్పుడు ఆరున్నరకే పోతుంది.

వరుస చివర నడిచే మనిషిని అక్కడ ఎస్కోబా అంటారు, అంటే చీపురు. దారిలో ఎవరినీ మిగల్చకుండా ఊడ్చుకుంటూ వచ్చేది అన్నమాట. ఆ రోజు ఎస్కోబా దృఢంగా ఉన్న ఒక యువతి. ఆమె వచ్చి చేరిన క్షణం నుంచే విశ్రాంతి లెక్క మొదలయ్యేది. మా ఉపాధ్యాయురాలిని దారి చూపేవాడి వెనకే, రెండో స్థానంలో నిలబెట్టారు. అందరి ముందూ నెమ్మదిగా నడవడానికి ఆమె మొదట ఇబ్బంది పడ్డారు. కాసేపటికి 20 మంది నడకా ఆమె నడకే అయింది, వరుస ఎక్కడా తెగలేదు.

పదకొండుంబావుకు కనుమ దాటాము. ఉత్తరపు వాలులో పిన్సాపో అడవి మొదలైంది. హిమయుగపు చలి తగ్గి నేల వేడెక్కినప్పుడు, పైన్ కుటుంబంలోని ఈ ఫర్ జాతి చెట్లు నీడపట్టు కొండల్లో దాక్కుని మిగిలాయి. స్పెయిన్‌లో ఇవి సహజంగా పెరిగేది ఈ దక్షిణపు కొండల్లోనే. 1837లో ఇటు వచ్చిన బ్వాసియే అనే స్విస్ వృక్షశాస్త్రవేత్త వీటిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. కొమ్మ దగ్గరగా పట్టుకుని చూశాను. పొట్టి, బిరుసు సూదుల్లాంటి ఆకులు కొమ్మ చుట్టూ అన్ని వైపులా నిక్కబొడుచుకుని ఉన్నాయి. పొగమంచు వాటికి తగులుకుని, ప్రతి మొన మీదా ఒక నీటిబొట్టు నిలిచింది. అప్పటికి వాన ఇంకా మొదలు కాలేదు గానీ, చెట్టు కింద మాత్రం నేల తడిసి ఉంది.

చివరి గంట వానలోనే దిగాము. అక్కడిది సున్నపురాయి, తడిస్తే నున్నటి సబ్బుబిళ్ల. ఎవరూ మాట్లాడుకోలేదు, అడుగు మీదే చూపు. ఆ రాయి పీల్చుకున్న నీరు బెనమావోమా దగ్గర పెద్ద ఊటగా పైకి వస్తుంది. ఊరు చేరాక పొడి చొక్కాలు మార్చుకుని, గ్రసలేమ పేరుమీద పిలిచే సూప్ తాగాము. రొట్టె ముక్కలు, గుడ్డు, మాంసపు ముక్కలు వేసి, పైన పుదీనా చల్లి ఇస్తారు. మా ఉపాధ్యాయురాలు గిన్నె ముందు పెట్టుకుని, తినకుండా తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు. ఎస్కోబా తడి కోటు దులుపుకుంటూ లోపలికి వచ్చి, తన వెనక ఎవరూ లేరని చెప్పిన తర్వాతే ఆమె చెంచా చేతిలోకి తీసుకున్నారు.