గుర్రాలు నడిచిన గట్టు మీద అమ్మ సైకిలు

అందరికీ నమస్కారం అండి. భోజనాలకి ఇంకా టైముంది కదా, పోయిన జూలైలో మా అమ్మా నేనూ డాన్యూబ్ నది పక్కన జర్మనీలోని పస్సావ్ నుంచి ఆస్ట్రియాలోని వియన్నా దాకా సైకిళ్ళ మీద వెళ్ళిన దారి గురించి చెప్పమన్నారు, చెప్తాను. సుమారు 320 కిలోమీటర్లు, మాకు 8 రోజులు పట్టింది. అలవాటున్నవాళ్ళకి 6 రోజులు చాలు.

ముందు అమ్మ సంగతి చెప్పాలి. అమ్మకి 63 ఏళ్ళు. మాది కోనసీమ, అమ్మ టెన్త్ దాకా కాలవ గట్టు మీద సైకిలేసుకుని హైస్కూలుకి వెళ్ళేది, పెళ్ళయ్యాక మళ్ళీ సైకిల్ ముట్టుకోలేదు. ఇక్కడ మ్యూనిక్‌కి వచ్చాక నా సైకిల్ ఇస్తే మా వీధిలో ఒక 200 మీటర్లు తొక్కి దిగిపోయింది, "వెనకాల కారు చప్పుడు వినపడితే చేతులు వణుకుతున్నాయిరా" అంది. బ్యాలెన్స్ పోలేదు, కాళ్ళలో బలం ఉంది, ఉన్న భయమల్లా వెనకాల వచ్చే కారంటేనే. ఆ మాట విన్నాకే కార్లు లేని దారి ఎక్కడుందా అని వెతకడం మొదలుపెట్టాను.

పస్సావ్ మూడు నదులు కలిసే ఊరు. ఉత్తరం నుంచి ఇల్ట్స్ నది బురదనేలల్లోంచి నల్లగా వస్తుంది, దక్షిణం నుంచి ఇన్ అనే నది ఆల్ప్స్ మంచు నీళ్ళతో లేత ఆకుపచ్చగా వస్తుంది, మధ్యలో డాన్యూబ్. మూడు రంగులూ కాసేపు పక్కపక్కనే నడిచి తర్వాత కలిసిపోతాయి. ఊళ్ళో పాత టౌన్‌హాల్ గోడ మీద ఏ ఏడాది వరద ఎంత ఎత్తున వచ్చిందో గీతలు గీసి పెట్టారు, 2013 జూన్‌లో 12.89 మీటర్లు వచ్చిందట, 1501 తర్వాత అంత వరద మళ్ళీ అదే. అమ్మ ఆ గీత కింద నిలబడి తల పైకెత్తి చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. 1986 గోదావరి వరద చూసిన మనిషి కదా.

ఇప్పుడు అసలు విషయం. ఈ దారి ఇంత చదునుగా, నీళ్ళకి ఇంత దగ్గరగా ఎందుకుంది అంటే, ఇది సైకిళ్ళ కోసం వేసింది కాదు, కార్ల కోసం అంతకన్నా కాదు, గుర్రాల కోసం వేసింది. పూర్వం ఉప్పు, ధాన్యం, వైన్ పడవల్లో పోయేవి, కిందకి ప్రవాహమే తీసుకుపోయేది గానీ పైకి రావాలంటే పెద్ద పెద్ద తాళ్ళు కట్టి గుర్రాల చేత లాగించాలి, పెద్ద పడవల వరసైతే పదుల గుర్రాలు కావాలి. బరువు లాగే గుర్రం ఎత్తులెక్కలేదు, తాడు నీళ్ళకి దూరమైతే పని జరగదు, కాబట్టి దారి ఒడ్డునే, చదునుగా ఉండి తీరాలి. ఆ దారిని ఆస్ట్రియాలో ట్రెప్పెల్‌వెగ్ అంటారు. 1829లో వియన్నాలో స్టీమర్ల కంపెనీ పెట్టారు, ఆ తర్వాత మెల్లమెల్లగా గుర్రాల పని పోయింది, గట్టు మాత్రం నది చూసుకునేవాళ్ళ పనులకి మిగిలింది. 1980ల్లో దాన్ని సైకిళ్ళకి తెరవడంతో ఇప్పుడు అది యూరప్‌లో బాగా పేరున్న సైకిల్ దారుల్లో ఒకటైంది. అట్లాంటిక్ ఒడ్డు నుంచి నల్ల సముద్రం దాకా వెళ్ళే యూరోవెలో 6 అనే సైకిల్ దారి కూడా ఇదే గట్టు మీద నడుస్తుంది.

ఇది చెప్తుంటే అమ్మ వెంటనే అంది, మా తాతగారు చూశార్రా ఇలాంటిది అని. కాటన్ దొర తవ్వించిన కాలవలు పొలాలకి నీళ్ళివ్వడానికే కాదు, పడవలు తిరగడానికి కూడా కదా, గాలి లేనప్పుడు మనుషులే తాడు భుజాన వేసుకుని గట్టు మీద వంగి నడుస్తూ పడవ లాగేవాళ్ళు. అంటే అమ్మ స్కూలుకి సైకిల్ తొక్కిన గట్టూ, డాన్యూబ్ పక్కన తొక్కిన గట్టూ ఒకే పనికి పుట్టినవి. నాకు ఈ మాట అప్పటిదాకా తట్టలేదు, నిజంగా ఒళ్ళు జలదరించింది.

మొదటి రోజు యోఖెన్‌స్టైన్ డ్యామ్ దాటాక కార్ల చప్పుడు పూర్తిగా పోయింది. ఒక పక్క కొండ మీంచి దిగొచ్చిన అడవి, ఇంకో పక్క నీళ్ళు, మధ్యలో మన దారి, అంతే. అమ్మ అద్దెకి తీసుకున్న బ్యాటరీ సైకిల్ మీద ముందు వెళ్తోంది, నేను వెనక, ఒక గంట తర్వాత చూస్తే బెల్ కొట్టుకుంటూ వెళ్తోంది, ఎదురుగా ఎవరూ లేరు, ఊరికే కొడుతోంది. ఆ బెల్ చప్పుడు కోసమే ఈ ప్రయాణం ఇంకోసారి చేస్తాను నేను.

ష్లోగెన్ దగ్గర నది గట్టి గ్రానైట్ కొండకి అడ్డంపడి పూర్తిగా వెనక్కి తిరుగుతుంది, పాపికొండల మధ్య గోదావరి చూసినవాళ్ళకి ఆ ఇరుకు వెంటనే గుర్తొస్తుంది. ఆ మెలికలో ఉత్తరపు ఒడ్డున కొండ నీళ్ళలోకే దిగిపోయింది, దారికి చోటు లేదు. దాన్ని తొలిచి రోడ్డు వెయ్యకుండా అలాగే వదిలేశారు, సైకిళ్ళని ఎక్కించుకునే చిన్న పడవ పెట్టారు. మేము ఆ పడవలో అవతలికి దాటి దక్షిణం ఒడ్డున ముందుకి వెళ్ళాం, అక్కడ ఊళ్ళోవాళ్ళ కార్లు ఒకటీ అరా తప్ప ఏమీ రావు. ఓపికుంటే పైన వ్యూ పాయింట్‌కి ఎక్కండి, అరగంట నడక, నది మొత్తం మెలిక కనిపిస్తుంది.

విల్హెరింగ్ నుంచి ఒటెన్స్‌హైమ్‌కి దాటే బల్లకట్టు గురించి చెప్పకుండా ఉండలేను. దానికి మోటార్ లేదు. నదికి అడ్డంగా పైన ఒక వైరు కట్టి ఉంటుంది, బల్లకట్టుని దానికి తాళ్ళతో తగిలించి కొంచెం వాలుగా తిప్పుతారు, ప్రవాహమే దాన్ని అవతలి ఒడ్డుకి తోసేస్తుంది, తిరిగి రావాలంటే ఇటువైపు వాలుగా తిప్పుతారు. చప్పుడు లేదు, పొగ లేదు. వాఖావ్ లోయలో స్పిట్స్ దగ్గర కూడా ఇలాంటిదే ఉంది.

అన్నీ బాగున్నాయని చెప్పను. ఒటెన్స్‌హైమ్ దాటాక లింట్స్ దాకా సైకిల్ దారి పెద్ద రోడ్డు పక్కనే పోతుంది, దారి వేరేదే అయినా లారీల హోరు చెవుల్లోనే ఉంటుంది, అమ్మ దిగి చాలాదూరం నడిచింది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈ ముక్క ట్రైన్‌లో దాటేయండి.

లింట్స్ తర్వాత మౌట్‌హౌజెన్ వస్తుంది. నది పక్కన చక్కని ఊరు, పైన కొండ మీద నాజీల కాన్సంట్రేషన్ క్యాంపు. గ్రానైట్ క్వారీలో 186 మెట్ల మీద ఖైదీలచేత రాళ్ళు మోయించి చంపారు. సైకిళ్ళు కింద పెట్టి వెళ్ళాం. ఆ రోజు ఇంకేమీ తొక్కలేదు.

మెల్క్ మఠం నుంచి క్రెమ్స్ దాకా వాఖావ్, సుమారు 36 కిలోమీటర్లు, రాళ్ళు పేర్చి కట్టిన గట్ల మీద ద్రాక్షతోటలు, 2000లో యునెస్కో జాబితాలో చేర్చారు. జూలై కాబట్టి దారి పొడుగునా బల్లల మీద ఆప్రికాట్లు, ఎండబెట్టినవి మనం ఖుబానీ అంటామే, అవే తాజా పళ్ళు, ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. కిలో కొన్నాం, స్పిట్స్ చేరేసరికి సంచీ ఖాళీ.

ఇంకా కిందకి, ట్స్వెంటెన్‌డోర్ఫ్ దగ్గర దారి ఒక అణు విద్యుత్ కేంద్రం పక్కనుంచి వెళ్తుంది. పూర్తిగా కట్టేశారు, కానీ 1978 నవంబర్‌లో ఓటింగ్ పెడితే 50.47 శాతం మంది వద్దన్నారు, ఒక్కరోజు కూడా ఆన్ చెయ్యలేదు. మేం వెళ్ళలేదు గానీ వియన్నా దాటాక హైన్‌బుర్గ్ దగ్గర ఇంకో కథ, 1984 డిసెంబర్ చలిలో వేలమంది అడవిలో గుడారాలు వేసుకుని డ్యామ్ పని ఆపేశారు, 1996లో ఆ నదీ అడవి నేషనల్ పార్క్ అయ్యింది. నాకైతే ఈ రెండూ తెలిశాక ఆ చెట్ల వైపు చూసే చూపే మారింది. ఎవరో చలిలో కూర్చుంటే మిగిలిన నీడ అది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. పడమర నుంచి తూర్పుకే వెళ్ళండి, నది దిగువకి, గాలి కూడా ఎక్కువగా వెనక నుంచే వీస్తుంది. ష్లోగెన్ దగ్గరి సైకిల్ పడవలు శీతాకాలం తిరగవు, మే నుంచి సెప్టెంబర్ మధ్యలో పెట్టుకోండి. తిరుగు ట్రైన్‌లో సైకిల్‌కి సీటు ముందే బుక్ చెయ్యాలి, మేం చెయ్యక వియన్నాలో ఒక రోజు ఎక్కువ ఉండాల్సొచ్చింది.

అమ్మ ఇప్పుడు అమలాపురం వెళ్ళిపోయింది. పోయిన నెల ఫోన్‌లో చెప్పింది, సెకండ్ హ్యాండ్ లేడీస్ సైకిల్ ఒకటి కొన్నదట, పొద్దున్నే ఆటోలు రాకముందు కాలవ గట్టు మీద లాకుల దాకా వెళ్ళొస్తోందట. ఈ జూన్‌లో మేము మూడు కుటుంబాలం పస్సావ్ నుంచి ష్లోగెన్ దాకా పిల్లలతో వెళ్తున్నాం. వచ్చేవాళ్ళు భోజనాలప్పుడు ఆ కిటికీ పక్క టేబుల్ దగ్గరికి రండి, మ్యాప్ పరిచి పెట్టాను.