బిల్లు ముందా, సరుకు ముందా?

(పాత బిల్లింగ్ ప్రోగ్రాం ఉంచుకునే గోడౌన్ పని ఎట్లా సరిచేసుకోవాలన్న దాని మీద అనంతపురం స్టూడియోలో జరిగిన చర్చ ఇది. ఒక హోల్‌సేల్ వ్యాపారి, గోడౌన్లకు ప్రోగ్రాములు రాసే ఒక ఇంజినీరు, కడప నుంచి వచ్చిన ఒక గోడౌన్ సూపర్‌వైజర్ పాల్గొన్నారు. మాటలు దాదాపు ఉన్నవి ఉన్నట్టే పెట్టాం, టీ వచ్చినప్పటి గోల మాత్రం తీసేశాం.)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. 2003లో ఏపీఎంఐపీ, అంటే రైతులకు డ్రిప్పు పరికరాలు ఇప్పించే ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకం, మొదలైనప్పటి నుంచి మన జిల్లాలో డ్రిప్పు సామాను వ్యాపారం ఎట్లా పెరిగిందో చూస్తూనే ఉన్నాం. సరుకు పెరిగింది, కొనే పార్టీలు పెరిగారు, బిల్లు కొట్టే సాఫ్ట్‌వేర్ మాత్రం చాలా చోట్ల అప్పటిదే. సార్, మీ దగ్గర ఏముంది?

వ్యాపారి: ఫాక్స్‌ప్రో అని మైక్రోసాఫ్ట్ వాళ్ల పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్, దాంట్లో రాయించుకున్న ప్రోగ్రాం అండీ. రాసిన అబ్బాయి ఎప్పుడో బెంగళూరు వెళ్లిపోయాడు. అయినా ఏ పార్టీ బాకీ ఎంత, ఎవరికి ఎంత డిస్కౌంటు, జీఎస్టీ లెక్క, అన్నీ దాంట్లోనే ఉన్నాయి. కొన్నేళ్ల కిందట ఒక కంపెనీ వాళ్లు వచ్చి మొత్తం మార్చేస్తామన్నారు. నెలల తరబడి తిప్పారు, చివరికి బాకీలు తప్పుగా ఎక్కించారు. కట్టేసిన పార్టీకి ఫోన్ చేసి డబ్బులడిగితే ఎట్లుంటుందో మీరే ఊహించుకోండి.

ఇంజినీరు: ఆ భయం న్యాయమైందే సార్. అట్లని దాన్ని ఎప్పటికీ నమ్ముకోలేం. విజువల్ ఫాక్స్‌ప్రో చివరి వెర్షన్ 2004లో వచ్చింది, 2015 జనవరితో మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆపేసింది, ఒక్కో టేబుల్ ఫైలు 2 జీబీ దాటితే తీసుకోదు. కానీ రేపే తీసి పారేయమని నేను అనను. పద్దులు దాన్నే రాయనిద్దాం, గోడౌన్ పని దాని చేతుల్లోంచి తీసేద్దాం.

సూపర్‌వైజర్: మేడం, అసలు తంటా నేను చెప్తా వినండి. ఆఫీసులో బిల్లు కొట్టేసి కాగితం మా దగ్గరికి పంపిస్తారు. దాంట్లో ఎండ్ క్యాప్‌లు, అదే పైపు చివర పెట్టే మూతలు, 20 ప్యాకెట్లు అని ఉంటుంది. ర్యాక్ దగ్గరికి పోతే 14 ఉంటాయి. అప్పుడు మొదలవుతుంది కథ. ఆఫీసుకు ఫోను, వాళ్లు పార్టీకి ఫోను, ఉన్నవి పంపించమంటారు, బిల్లు మార్చాలి. సరుకు విలువ 50 వేలు దాటి, బండిలో సరుకు పంపడానికి ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లు కూడా ముందే తీసి ఉంటే దాన్ని 24 గంటల్లో రద్దు చేసుకోవాలి. ఇంత జరిగే లోపల బండి డ్రైవరు హారన్ కొడుతూనే ఉంటాడు.

వ్యాఖ్యాత: అంటే సరుకు చూడకుండానే బిల్లు కొడుతున్నారు.

సూపర్‌వైజర్: అంతే కదా అన్నా! కంప్యూటర్ ఉందంటే ఉన్నట్టే వాళ్లకు.

ఇంజినీరు: నేను చెప్పదలుచుకున్నదీ ఇదే. ఈ పాత ప్రోగ్రాములన్నీ బిల్లు చుట్టూ కట్టినవి. బిల్లు పడితే స్టాకు తగ్గుతుంది, అంతకు మించి వాటికి గోడౌన్ అంటే ఏంటో తెలియదు. సరుకు ఏ ర్యాక్‌లో ఉంది, ఎవరు తీశారు, ఎవరి కోసం పక్కన పెట్టారు, ఇవేవీ దాంట్లో రాయడానికి చోటే లేదు. అందుకని వరస తిరగేయాలి. ఆర్డరు మొదట గోడౌన్‌కు పోవాలి, కుర్రాడు స్కాన్ చేసి తీసిన లెక్క వెనక్కి రావాలి, అప్పుడు పాత ప్రోగ్రాంలో బిల్లు పడాలి. 14 దొరికితే 14కే బిల్లు.

వ్యాపారి: బాగుందమ్మా, ఒక్కటి అడుగుతా. బిల్లు చివర్లో పడుతుందంటే అప్పటిదాకా నా కంప్యూటర్‌లో ఆ 14 ప్యాకెట్లు ఉన్నట్టే కనపడతాయి కదా. ఈ లోపల కౌంటర్ దగ్గరికొచ్చిన ఇంకో పార్టీకి మావాడు మాటిచ్చేస్తే?

ఇంజినీరు: (నవ్వుతూ) సరిగ్గా పట్టుకున్నారు. అందుకే మధ్యలో చిన్న ప్రోగ్రాం ఒకటి ఉండాలి. ఆర్డరు రాగానే అది ఆ సరుకును ఆ పార్టీ పేరు మీద ఆపేస్తుంది. కౌంటర్ కుర్రాడు కూడా స్టాకు దాంట్లోనే చూడాలి, పాత స్క్రీన్‌లో కాదు. ఈ అలవాటు మార్చడమే కష్టం, ప్రోగ్రాం రాయడం కంటే.

వ్యాఖ్యాత: ఆ చిన్న ప్రోగ్రాం పాతదానితో మాట్లాడేది ఎట్లా?

ఇంజినీరు: మొదట్లో ఒకచోట నేనే తప్పు చేశాను. తొందర కొద్దీ పాత ప్రోగ్రాం టేబుల్ ఫైల్లోకి నేరుగా వరసలు రాసేశాను, ఏది ఎక్కడుందో వెతకడానికి వాడే ఇండెక్సు ఫైలు సంగతి పట్టించుకోలేదు. బిల్లులు ఫైల్లో ఉన్నాయి, వెతికితే కనపడవు! అకౌంటెంటు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటి నుంచి నేరుగా రాయడం మానేశాను. పాత ప్రోగ్రాంకు లోపలికి తీసుకునే దారి ఏదైనా ఉంటే, ఒక ఫోల్డర్‌లో ఫైలు పెడితే చదువుకోవడం లాంటిది, ఆ దారిలోనే పంపాలి. అదీ లేకపోతే ఒక మనిషి కూర్చుని టైపు చేసినా పర్వాలేదు. ఇంకోటి, నెట్ పోయి ఒకే ఫైలు రెండుసార్లు పోవచ్చు. ప్రతి ఆర్డరుకూ ఒక నంబరు పెట్టి, ఆ నంబరుతో బిల్లు ముందే పడిందా లేదా చూడకపోతే ఒకే సరుకుకు రెండు బిల్లులు పడతాయి.

వ్యాపారి: స్కానర్లకు చాలా అవుతుందంటున్నారు.

సూపర్‌వైజర్: సార్, స్కానర్ కంటే ముందు ర్యాకులకు నంబర్లు రాయించండి. మా దగ్గర మొదటి రోజు చేసిందదే. ఏ సరుకు తీయాలో రాసుండే స్లిప్పు పాత ప్రోగ్రాం నుంచి ఐటెం కోడ్ వరసలో వచ్చేది. గ్రోమెట్ అనే రబ్బరు రింగు గేటు పక్కన, దాని తర్వాత బాల్ వాల్వు ఆ చివర, మళ్లీ టేకాఫ్ అనే పైపులు కలిపే ముక్క కోసం గేటు పక్కకే. పిల్లలు రోజంతా అటూ ఇటూ తిరగడమే. స్లిప్పు ర్యాక్ నంబర్ల వరసలో ప్రింటయ్యేటట్టు మార్పించుకున్నాం, స్కానర్ ఒక్కటి కూడా లేకుండానే సగం టెన్షన్ తగ్గింది. ఎక్కువ పోయే సరుకు గేటు దగ్గరికి తెచ్చుకున్నాం.

వ్యాఖ్యాత: ఎండాకాలం రేకుల షెడ్డులో ఈ స్టిక్కర్లు, బార్‌కోడ్‌లు ఆగుతాయా?

సూపర్‌వైజర్: బాగా అడిగినారు. తర్వాత స్కానర్లు తెచ్చుకున్న మొదటి వేసవిలో లేబుళ్లన్నీ నల్లగా అయిపోయినాయి, స్కానర్ ఒక్క లేబులూ చదవలేదు.

ఇంజినీరు: అది డైరెక్ట్ థర్మల్ కాగితం. వేడితోనే దానిమీద అక్షరం పడుతుంది, అదే వేడికి కాగితమంతా నల్లబడుతుంది. రిబ్బన్ వేసి కొట్టే ప్రింటరు తీసుకోవాలి, ఖర్చు కొంచెం ఎక్కువే. అట్లాగే షెడ్డు మూలల్లో వైఫై అందదు, కాబట్టి సిగ్నల్ లేకపోయినా లెక్క తనలో దాచుకుని తర్వాత పంపే స్కానర్ కావాలి.

వ్యాపారి: మరి నా స్టాకే తప్పుగా ఉంటే ఇవన్నీ పెట్టి ఏం లాభం?

ఇంజినీరు: ఏమీ లాభం లేదు సార్. ముందు యూనిట్లు సరిచేయాలి. బిల్లులో 2 అని ఉంటుంది, ప్యాకెట్లా పీసులా ఉండదు. పైపు కొనేటప్పుడు మీటర్లలో ఎక్కిస్తారు, అమ్మేటప్పుడు చుట్టల్లో. సగం తేడాలు ఇక్కడి నుంచే వస్తాయని నా అనుభవం, దొంగతనం అని కుర్రాళ్ల మీద పడేముందు ఇది చూసుకోవాలి.

సూపర్‌వైజర్: ఆ మాట గట్టిగా చెప్పండి మేడం.

వ్యాపారి: (కాసేపు ఆగి) మా దగ్గర ఒకడిని ఆ కారణంగానే మాన్పించినాం. సరే వదిలేయండి. లెక్క పెట్టాలంటే షాపు మూసేయాలి కదా?

సూపర్‌వైజర్: అక్కర్లేదు సార్. రోజూ పొద్దున ఒక ర్యాక్, బండ్లు రాకముందు. తేడా వస్తే ఆ రోజే రాసుకోవాలి, నెలాఖరుకు పెట్టుకుంటే ఎవరికీ గుర్తుండదు.

వ్యాఖ్యాత: సమయం అయిపోవస్తోంది. సార్, రేపు పొద్దున మీరు మొదట ఏం చేస్తారు?

వ్యాపారి: ర్యాకులకు నంబర్లు రాయిస్తా. అది అయినాక ఈ పేర్ల సంగతి చూడాలి. కంప్యూటర్‌లో ‘ఎండ్ క్యాప్ 16 ఎంఎం’ అని ఉంటుంది, రైతు వచ్చి ‘పైపు మూత’ అంటాడు, మా కౌంటర్ కుర్రాడు ‘నల్లది’ అంటాడు.

ఇంజినీరు: మూడూ ఎక్కిద్దాం సార్. ఏది కొట్టినా అదే ఐటెం రావాలి.

సూపర్‌వైజర్: మా దగ్గర ఇంకా ఎక్కించలేదు. ఫోన్లో ‘నల్లది’ అంటే ఇప్పటికీ మూడు రకాలు తెచ్చి చూపిస్తాం.