కరగని మందుకు 48 గంటల పరీక్ష: చెరువు మాట ఎవరు చెప్పాలి?

(వరంగల్ స్టూడియోలో జరిగిన చర్చ. ఒకరి మాటకు మరొకరు అడ్డుపడిన చోట్లను అలాగే ఉంచాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. పత్తి చేలల్లో వాడుతున్న ఒక కొత్త పురుగుమందు కరపత్రంలో ‘లీటరుకు 100 మిల్లీగ్రాములు వేసినా డాఫ్నియాకు హాని లేదు’ అని రాశారు. మొన్నటి వానల తర్వాత దగ్గర్లోని చెరువులో చేపపిల్లలు చచ్చి తేలాయి. ముగ్గురికీ సమాన సమయం ఇస్తాను. నా ప్రశ్న ఒక్కటే. ఈ పరీక్ష మన భద్రకాళి చెరువు నీళ్లతో ఎందుకు చేయలేదు?

కంపెనీ ప్రతినిధి: ఓఈసీడీ 202 అనే అంతర్జాతీయ 48 గంటల పరీక్ష పద్ధతి ప్రకారమే చేశాం సార్. పుట్టి 24 గంటలు నిండని డాఫ్నియా పిల్లలు, ఒక్కో మోతాదుకు 20. మందు కలపని గ్లాసుల్లో కదలకుండా పోయినవి పది శాతం దాటలేదు. ఇంతకంటే...

అధ్యాపకురాలు (జంతుశాస్త్రం, విశ్రాంత): గ్లాసుల్లో పిల్లలు ఎన్నో తెలిసింది. అందులో మందు ఎంత కరిగింది?

ప్రతినిధి: లీటరుకు 100 మిల్లీగ్రాములు వేశాం.

అధ్యాపకురాలు: వేసింది కాదు, కరిగింది చెప్పండి. నీటిలో దాదాపు కరగదని మీ కరపత్రమే చెబుతోంది. మిగతాదంతా ఎటు పోయింది? నేను తెచ్చిన ఈ గ్లాసు చూడండి, కెమెరా దగ్గరికి తీసుకురండి. నీటి మట్టం దగ్గర తెల్లటి గీత కనిపిస్తోందా? గాజుకు అంటుకున్న మందు అది. అడుగున పేరుకున్నదీ అదే. డాఫ్నియాకు తగిలింది ఆ వందలో ఎన్నో వంతు? కొలవకుండా ‘వందకు కూడా చావలేదు’ అని రాస్తే, అది వేసిన తూకం గురించి మాట, విషం గురించి కాదు!

మత్స్యకారుడు: అమ్మా, ఆ డాఫ్నియా అంటే...

అధ్యాపకురాలు: నీటి ఈగ అంటారు కానీ ఈగ కాదన్నా, రొయ్య జాతికి దగ్గరిది. మీ బొచ్చె పిల్లలు తినేది ఇలాంటి వాటినే. పిల్ల ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఒళ్లు అద్దంలా ఉంటుంది, భూతద్దం పెడితే గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. గ్లాసును మెల్లగా కదిపి 15 సెకన్లు చూస్తారు. ఈదలేకపోతే, మీసాలు ఆడుతున్నా సరే, కదలిక పోయినట్టే లెక్క.

వ్యాఖ్యాత: అదే, మన చెరువు నీళ్లలో అయితే...

ప్రతినిధి: మేడమ్, కరగని మందుకు అసిటోన్ లాంటి ద్రావకం వాడవచ్చు, దానికి...

అధ్యాపకురాలు: దానికీ హద్దుంది. లీటరుకు 100 మిల్లీగ్రాములు మించకూడదు. ద్రావకం మాత్రమే వేసిన గ్లాసులు విడిగా ఉండాలి. మీరు పెట్టారా?

ప్రతినిధి: నివేదికలో ఉంటుంది. నన్ను చెప్పనివ్వండి. కరగని రేణువులు డాఫ్నియా కాళ్లకు అంటుకుని అది ఈదలేకపోయినా, పై పొరలో చిక్కుకున్నా విషమే అంటారు. అది మాకు అన్యాయం కాదా?

అధ్యాపకురాలు: నిజమే, ఒప్పుకుంటాను. అందుకే రేణువులు లేని సంతృప్త ద్రావణం, అంటే నీళ్లు కరిగించుకోగలిగినంత మందు మాత్రమే ఉన్నది తీయాలి. వడగడితే వడపోత కాగితమే కొంత మందును పట్టేస్తుంది, కాబట్టి నీళ్లలో మిగిలింది మొదట ఒకసారి, 48 గంటల తర్వాత ఒకసారి కొలవాలి. అనుకున్న దానికి 20 శాతం అటూ ఇటూ దాటితే కొలిచిన అంకె మీదే ఫలితం రాయాలి. ఆ అంకె ఏది? కరపత్రంలో ఏది?

వ్యాఖ్యాత: అంటే వరంగల్‌లోనే పరీక్ష జరగాలి...

అధ్యాపకురాలు: సార్, మూడోసారి అంటున్నారు. చెరువు నీళ్లలో ఒండ్రు, కుళ్లిన ఆకు ఉంటాయి. ఇలాంటి మందు వాటికే అంటుకుంటుంది. డాఫ్నియాకు తగిలేది తగ్గి, విషం తక్కువన్నట్టు ఫలితం వస్తుంది, కంపెనీకే మేలు.

వ్యాఖ్యాత: కానీ గణపతిదేవుడు పాఖాల తవ్వించిన నేల ఇది. గొలుసుకట్టు చెరువులు. ఒక చెరువు అలుగు పోస్తే...

మత్స్యకారుడు: కింది చెరువుకే వస్తుంది సార్. నాకు తెలియాల్సింది...

అధ్యాపకురాలు: ఒక్క నిమిషం అన్నా. అసలు 48 గంటలు సరిపోతాయా? కరగని మందు ఒంట్లోకి నెమ్మదిగా ఎక్కుతుంది. రెండో రోజు ఈదుతున్న డాఫ్నియా పదో రోజు పిల్లల్ని పెడుతుందా? దానికి 21 రోజుల పునరుత్పత్తి పరీక్ష ఉంది. అది చేశారా?

ప్రతినిధి: ఆ ఖర్చు... చట్టం అడిగినప్పుడు...

అధ్యాపకురాలు: చెరువు అడుగుతోంది!

వ్యాఖ్యాత: మేడమ్ మాటలో బలం ఉంది. సమయం అయిపోతోంది...

ప్రతినిధి: నాకు సమాన సమయం అన్నారు సార్. చేపలు చచ్చింది మా మందుతోనే అని ఎవరు తేల్చారు? ఆక్సిజన్ తగ్గినా చస్తాయి.

మత్స్యకారుడు: అదే నేను అడగాలనుకున్నది. రేపు తెల్లవారుజామున వల వేయాలి. వేయనా, మాననా?

అధ్యాపకురాలు: ముందు ఒక సీసా నీళ్లు పట్టి పెట్టండన్నా, గాజు సీసాలో. ప్లాస్టిక్‌కు మందు అంటుకుంటుంది.

ప్రతినిధి: గాజుకూ అంటుకుంటుందని ఇందాక మీరే చూపించారు కదా మేడమ్.

అధ్యాపకురాలు: అందుకే ప్రయోగశాలలో ఆ సీసాను ద్రావకంతో కడిగి, ఆ కడుగునూ కొలవాలి...

వ్యాఖ్యాత: అదీ ఇక్కడే, మన వరంగల్‌లోనే జరగాలి! సమయం ముగిసింది. నమస్కారం.

మత్స్యకారుడు: సార్, వల సంగతి...