వంగపండు రంగు గీత

సభకు నమస్కారం.

పిల్లలతో కలిసి చదువుకోవడానికి ఒక బొమ్మల పుస్తకం సూచించమని గ్రంథాలయం వారు అడిగినప్పుడు, మన నేల మీద పుట్టినదాన్నే వెంట తీసుకురావాలని మొదట అనుకున్నాను. బొమ్మ చూపిస్తూ కథ చెప్పడం తెలంగాణకు కొత్త కాదు. చేర్యాల నకాషీ చిత్రకారులు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించిన గుడ్డ మీద ఎర్రటి నేపథ్యంతో వేసిన పటాన్ని కథకుడు కొంచెం కొంచెంగా విప్పుతూ పాడుతుంటే ఊళ్లో పిల్లా పెద్దా కలిసి కూర్చుని వినేవారు. ఆ పటంలో చూపు ఆనని ఖాళీ చోటంటూ ఉండదు. చివరికి నేను తెచ్చిన పుస్తకం దానికి పూర్తిగా ఎదురు: ఇందులో పేజీ చాలావరకు తెల్లగానే ఉంటుంది, ఆ తెలుపులో ఒక పసివాడు, వాడి చేతిలో ఒక క్రేయాన్.

పుస్తకం పేరు 'హెరాల్డ్ అండ్ ద పర్పుల్ క్రేయాన్'. క్రాకెట్ జాన్సన్ అనే అమెరికన్ చిత్రకారుడు రాసి, తానే బొమ్మలు వేసిన ఈ పుస్తకం 1955లో వెలువడింది. ఆ రంగును నిఘంటువు ఊదా అంటుంది కానీ, చీరల దుకాణంలో మనం అడిగే వంగపండు రంగు అంటే పిల్లలకు వెంటనే కళ్లకు కడుతుంది.

కథ చాలా చిన్నది. హెరాల్డ్ ఒక రాత్రి వెన్నెల్లో షికారుకు వెళ్లాలనుకుంటాడు. ఆకాశంలో చందమామ లేడు, కాబట్టి తానే ఒక నెలవంకను వేస్తాడు. నడవడానికి దారి కూడా లేదు, దాన్నీ వేస్తాడు. అన్నం తినిపిస్తూ చందమామను రమ్మని పిలవడం మనకు తరతరాల అలవాటు; ఈ పిల్లవాడు పిలవడు, తెచ్చిపెట్టుకుంటాడు. అక్కడి నుంచి వాడు ఎటు నడిచినా ఆ నెలవంక వాడి వెంటే వస్తుంది. ఈ సంగతిని చదివేటప్పుడు మాత్రం చెప్పకండి. పుస్తకం చివర దానితో పెద్ద పని ఉంది.

ఊహాశక్తికి హద్దులుండవని, పిల్లలు ఊహల్లో ఏమైనా చేయగలరని వేదికల మీద మనం అలవాటుగా అంటూ ఉంటాం. ముప్ఫై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన తరువాత ఆ మాట మీద నాకు నమ్మకం పోయింది. ఏదైనా జరిగిపోయే కథలో పిల్లలకు ఐదు నిమిషాలకే విసుగు పుడుతుంది. హెరాల్డ్ లోకంలో అలా కాదు, ఒకే ఒక్క నియమం ఉంది, దాన్ని రచయిత ఎక్కడా సడలించడు: వేసినది ఉంటుంది, వేయనిది ఉండదు. ఆపిల్ పండ్లకు కాపలాగా వాడు చెట్టు కింద ఒక డ్రాగన్‌ను వేస్తాడు. అది ఎంత భయంకరంగా కుదిరిందంటే, వేసినవాడికే దడ పుట్టి వెనక్కి అడుగులు వేస్తాడు. వెనక పెట్టుకున్న చెయ్యి వణుకుతుంది, ఆ చేతిలో క్రేయాన్ ఉంది, వణుకు అలలు అలలుగా కాగితం మీద పడుతుంది. అలలున్నాయంటే సముద్రం ఉన్నట్టే కదా, తేరుకునేలోగా వాడు నిలువునా మునిగిపోతాడు. ఇక మునిగినవాడు చేయగలిగింది ఒక్కటే, చకచకా ఒక పడవ వేయడం. భయం నుంచి సముద్రం, సముద్రం నుంచి పడవ, ఇలా ఒకదాని నుంచి మరొకటి పుడుతూ పోతుంటే కథ ఎక్కడా అతికించినట్టు అనిపించదు.

ఆ తరువాత తన ఇంటి కిటికీ కనిపిస్తుందేమోనని వాడు ఒక కొండ వేసి, వేస్తూనే ఎక్కుతాడు. శిఖరం దగ్గర కాలు జారుతుంది. మా మనవరాలికి మొదటిసారి ఇది చెబుతున్నప్పుడు నేను పేజీ తిప్పేలోపే, "అమ్మమ్మా, అవతలివైపు వేయలేదు కదా, ఎక్కడ పడతాడు?" అని అడిగింది. పేజీ తిప్పితే సరిగ్గా అదే: కొండకు రెండో వైపు లేదు, పిల్లవాడు గాలిలో పడిపోతున్నాడు. నాలుగేళ్ల పిల్ల కథ కంటే ముందు పరుగెత్తి నియమాన్ని పట్టుకుంది. నేను ఈ పుస్తకాన్ని ఇంతగా వెనకేసుకు రావడానికి ఆ ప్రశ్నే కారణం. రచయిత తరువాతి రోజుల్లో రేఖాగణిత సిద్ధాంతాల ఆధారంగా వందకు పైగా చిత్రాలు వేశాడని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఒక గీత గీసి, దాని నుంచి తప్పనిసరిగా ఏమి రావాలో చూడటమే కదా రెండు చోట్లా ఉన్న పని!

ఇక హైదరాబాదు పిల్లలకు మరీ దగ్గరగా వచ్చే ఘట్టం ఒకటుంది. ఇల్లు వెతుక్కుంటూ హెరాల్డ్ కిటికీలు వేయడం మొదలుపెడతాడు. ఒక కిటికీ, ఒక భవనం నిండా కిటికీలు, చివరికి ఒక నగరం నిండా కిటికీలు, వాటిలో ఏదీ వాడిది కాదు. మియాపూర్‌లోనో కొండాపూర్‌లోనో పద్నాలుగో అంతస్తులో ఉండే పిల్లలు, రాత్రిపూట కింద నిలబడి తమ ఫ్లాటు దీపం ఏదో లెక్కపెట్టుకునే పిల్లలు, ఈ పేజీల దగ్గర చాలాసేపు ఆగుతారు, ఆగనివ్వండి. అక్కడే హెరాల్డ్ ఒక పోలీసును వేసి దారి అడుగుతాడు. ఆయన, వాడు ఎలాగూ వెళుతున్న వైపే చెయ్యి చూపిస్తాడు. హెరాల్డ్ మర్యాదగా కృతజ్ఞతలు చెప్పి ముందుకు సాగుతాడు. పిల్లలకు మనమిచ్చే సలహాల్లో సగం ఇలాంటివే కనుక, ఈ చోట పెద్దలు కాస్త ఎక్కువగా నవ్వుతారు.

దారి దొరికేది వేరే రకంగా. తన గది కిటికీలో ఎప్పుడూ చందమామ ఉండేవాడని హెరాల్డ్‌కు గుర్తుకొస్తుంది. అంతే, మొదటి నుంచీ వెంట వచ్చిన నెలవంక చుట్టూ కిటికీ గీస్తాడు. ఇల్లు చేరాడు. ఇక్కడ మీరు చేయవలసిందల్లా మాట్లాడకపోవడం. పిల్ల మళ్లీ వెనక్కి పేజీలు తిప్పి చందమామ ఎక్కడెక్కడ ఉన్నాడో చూసుకుంటుంది.

ఇంగ్లీషు పుస్తకం కదా, తెలుగులో ఎలా అని అడుగుతారు. చదవకండి, చూపిస్తూ చెప్పండి. మూలంలో చివరి పేజీలన్నీ ఒక మాటల ఆట మీద నడుస్తాయి: బొమ్మ గీయడానికీ దుప్పటి పైకి లాక్కోవడానికీ ఇంగ్లీషులో ఒకే క్రియ. మన దగ్గర అంతకంటే మంచి మాట ఉంది. బొమ్మ వేస్తాం, దారి వేస్తాం, అడుగు వేస్తాం, పక్క కూడా వేస్తాం. "చందమామను వేశాడు, దారి వేశాడు, అడుగు వేశాడు" అని మొదలుపెట్టి "పక్క వేసుకున్నాడు" అని ముగిస్తే, ఆ పేజీలు తెలుగులోనే పుట్టినట్టు వినిపిస్తాయి. ఆఖరున క్రేయాన్ కింద పడుతుంది, పిల్లవాడికి నిద్ర పడుతుంది. ఈ 'పడటం' కూడా మనకు ఉచితంగా దొరికినదే. మధ్యలో వాడు వేసుకున్న వనభోజనంలో వాడికి ఇష్టమైన తొమ్మిది రకాల పైలు, అంటే వాళ్ల తీపి వంటకాలు, ఉంటాయి. పై అంటే ఏమిటో వివరించే పని పెట్టుకోకుండా నేను బొబ్బట్లతో మొదలుపెట్టి ఆగిపోతాను; ఖుబానీ కా మీఠా దాకా మిగతా ఎనిమిదీ పిల్లలే పూర్తి చేస్తారు.

ఒక ఇబ్బందిని దాచను. పుస్తకం చిన్నది, ఒడిలో కూర్చున్న ఒకరిద్దరికే సరిపోతుంది; నలభైమంది ఉన్న తరగతిలో ఎత్తి పట్టుకుని చూపిస్తే వెనక బెంచీలకు తెల్ల కాగితమే కనిపిస్తుంది. నేను బడిలో పుస్తకాన్ని బల్ల మీద పెట్టేసి, నల్లబల్ల శుభ్రంగా తుడిచి, సుద్దముక్కతో ఒకే గీతగా కథ వేస్తూ చెప్పేదాన్ని. నాకు బొమ్మలు రావు. నా డ్రాగన్‌ను చూసి పిల్లలు కుక్క అనేవారు, కుక్కకు తగ్గట్టుగా కథ మారేది. గోడలు పాడవుతాయని భయపడే తల్లిదండ్రులు ఒక పాత క్యాలెండర్ వెనకవైపు నేల మీద పరిస్తే చాలు.

కథ అయ్యాక "దీనివల్ల ఏమి నేర్చుకున్నావు?" అని మాత్రం దయచేసి అడగవద్దు. కొండకు అవతలివైపు ఏముంటే బాగుండేదో అడగండి. ముందు వరుసలో ఉన్న పిల్లలు ఇప్పటికే అసహనంగా కదులుతున్నారు కాబట్టి నేనూ ఆ పనే చేస్తాను. బల్ల తుడిచి ఉంది, సుద్దముక్కలు ఇక్కడ ఉన్నాయి. చందమామను ఎవరు వేస్తారు?