నానోమీటర్లు తగ్గాయి, వేడి తగ్గలేదేం?

[రిచీ స్ట్రీట్, సాయంత్రం రద్దీ. కెమెరా చేతిలోని రెండు ప్రాసెసర్ల మీద.]

నమస్తే అండీ. చెన్నై మౌంట్ రోడ్డు పక్కన, రిచీ స్ట్రీట్‌లో ఉన్నాను. ఇక్కడ ప్రాసెసర్ బేరం మొదలుపెడితే తరచూ వినిపించే మాట ఒకటుంది. "ఇది 5 నానోమీటర్లు సార్, చల్లగా ఉంటుంది, ఎంతైనా ఓవర్‌క్లాక్ చేసుకోండి!" నానోమీటర్లంటే చిప్ లోపలి స్విచ్‌ల సైజు అని వాళ్ల ఉద్దేశం, ఓవర్‌క్లాక్ అంటే కంపెనీ పెట్టిన స్పీడుని మించి నడపడం. ఆ మాటలో సగమే నిజం. ఆ సగానికీ ఇరవై ఏళ్లు దాటాయి.

ముందు ఆ పాత నిజం సంగతి చూద్దాం. ప్రాసెసర్ అంటే కోట్ల కొద్దీ స్విచ్‌లు. స్విచ్ వేసి తీసినప్పుడల్లా కొంచెం ఛార్జ్ నింపాలి, మళ్లీ ఖాళీ చేయాలి. బిందె నిండటానికి పట్టేంతసేపు చెంబుకు పట్టదు కదా. స్విచ్ చిన్నదైతే త్వరగా నిండుతుంది, స్పీడు పెరుగుతుంది. 1974లో ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ బృందం దీని లెక్క తేల్చింది. సైజు తగ్గించినంత మేర వోల్టేజీ కూడా తగ్గిస్తూ పోతే, స్పీడు పెరిగినా చదరపు మిల్లీమీటరుకు పుట్టే వేడి పెరగదు.

[తెర మీద: 1998, సెలెరాన్ 300ఏ]

అవి మంచి రోజులు. 250 నానోమీటర్ల ఈ చిప్‌ని ఇంటెల్ 300 మెగాహెర్ట్జ్ అని అమ్మింది. మదర్‌బోర్డు బస్సు (చిప్‌కి డేటా మోసే దారి) స్పీడుని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మార్చగానే చాలా చిప్‌లు 450లో నిక్షేపంలా నడిచేవి. కూరగాయల బండి దగ్గర అరకిలో కొంటే పావుకిలో కొసరేసినట్టు!

2004లో కథ అడ్డం తిరిగింది. పెంటియమ్ 4ని 130 నుంచి 90 నానోమీటర్లకు దించారు, పేరు ప్రెస్కాట్. చల్లబడాల్సింది పోయి కుంపటైంది. డిజైన్ తప్పు కొంత ఉంది కానీ, అసలు దొంగ లీకేజీ. ట్రాన్సిస్టర్ (అంటే ఆ స్విచ్) గేటు కింద ఉండే ఇన్సులేషన్ పొర అప్పటికే 1.2 నానోమీటర్లకు వచ్చేసింది. అంటే కొన్ని అణువుల మందం. స్విచ్ కట్టేసినా కరెంటు కారుతూనే ఉంటుంది. ఇంట్లో వాషర్ అరిగిన కుళాయి ఒకటుంటే చుక్కలే అనుకుంటాం. కోట్ల కుళాయిలు కారితే? వోల్టేజీ ఇంకా దించుదామంటే స్విచ్ తక్కువ వోల్టేజీకే తెరుచుకునేలా చేయాలి, అలా చేస్తే అది సరిగ్గా కట్టదు, కారడం ఇంకా ఎక్కువవుతుంది. సైజు తగ్గుతూనే ఉంది, వోల్టేజీ మాత్రం దాదాపు 1 వోల్టు దగ్గర మొండికేసింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 తెస్తామన్న ఇంటెల్ అదే ఏడాది దాన్ని రద్దు చేసుకుంది. ఆ తర్వాత అందరూ ఒకే చిప్‌లో కోర్ల (లెక్కలు చేసే భాగాల) సంఖ్య పెంచే దారి పట్టారు.

ఇక ఓవర్‌క్లాకింగ్. ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి, స్పీడు ఎంత పెరిగితే కరెంటు ఖర్చు అంత పెరుగుతుంది. వోల్టేజీ పెరిగితే దాని వర్గంతో పెరుగుతుంది. ఉదాహరణకు 4 గిగాహెర్ట్జ్‌ని 4.8 చేయడానికి 1.2 వోల్టులని 1.4 చేశారనుకుందాం. స్పీడు 20 శాతం పెరిగింది. కరెంటు ఖర్చు? సుమారు 63 శాతం! ఇది లీకేజీ కలపకుండానే.

[రెండు ప్రాసెసర్లు పక్కపక్కన, క్లోజప్]

ఇప్పుడు నా చేతిలోవి చూడండి. ఇది 2011 నాటి ఇంటెల్ కోర్ ఐ7 2600కే, 32 నానోమీటర్లు. ఇది 2012 నాటి 3770కే, 22 నానోమీటర్లు. మామూలుగా నడిపితే రెండోదే మేలు, 95 వాట్ల రేటింగ్ 77కి దిగింది. ఓవర్‌క్లాక్ చేస్తే మాత్రం కొత్తదే ఎక్కువ వేడెక్కేది. లోపలి సిలికాన్ ముక్క 216 చదరపు మిల్లీమీటర్ల నుంచి 160కి తగ్గింది. ఇడ్లీ పళ్లెమంత చోటు నుంచి పోవాల్సిన వేడి ఇడ్లీ అంత చోటు నుంచి పోవాలంటే ఎలా? (పోలిక కాస్త ఎక్కువైంది, సర్దుకోండి.) దానికి తోడు, మూతకి కింద లోహపు టంకం తీసేసి పేస్టు పూశారు. అది పొదుపు కోసమేనని నా అనుమానం.

ఇప్పటి 5 నానోమీటర్లంటారా, అది మోడల్ పేరు లాంటిది. స్కేలు పెట్టి కొలిస్తే చిప్‌లో 5 ఎక్కడా దొరకదు. 2022 నాటి ఏఎండీ కంపెనీ రైజెన్ 7950ఎక్స్ తీసుకోండి. కోర్లున్న రెండు ముక్కలూ ఒక్కోటీ సుమారు 70 చదరపు మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి గోరంత. పెట్టెలోంచి తీసినప్పుడే 5.7 గిగాహెర్ట్జ్ దాకా బూస్ట్ అవుతుంది (తనంతట తనే స్పీడు పెంచుకుంటుంది), పని భారం పడితే 95 డిగ్రీల దాకా వెళ్లేలాగే తయారు చేశారు. కొసరు కూడా కంపెనీయే తూకం వేసి అమ్మేసింది, మనకింకేం మిగిలింది?

[గది. డెస్కు మీద కంప్యూటర్, గోడకు థర్మామీటర్.]

పైగా మనముండేది చెన్నైలో. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనమంటాం, ఇక్కడివాళ్లు కత్తిరి వెయిల్ అంటారు. మామూలు కూలర్ ఏదైనా గదిలో ఉన్న గాలికంటే చిప్‌ని చల్లబరచలేదు. 95 డిగ్రీల హద్దుకి 25 డిగ్రీల ఏసీ గదిలో 70 డిగ్రీల తేడా దొరుకుతుంది. 38 డిగ్రీల గదిలో 57 మాత్రమే. అదే కూలర్, మోయగలిగే వేడి దాదాపు ఐదో వంతు తగ్గిపోయింది. నా 2600కే డిసెంబరులో 4.6 గిగాహెర్ట్జ్ దగ్గర రాత్రంతా నడిచింది. మేలో కరెంటు పోయి వచ్చాక, ఏసీ ఇంకా చల్లబడకముందే వీడియో రెండర్ పెట్టాను. నీలం తెర, కంప్యూటర్ ఆగిపోయింది!

అందుకే కొత్త చిప్ కొన్నవాళ్లు వోల్టేజీ పెంచకండి, తగ్గించి చూడండి. రైజెన్‌లో అయితే బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరవగలిగే సెట్టింగుల్లోకి) వెళ్లి, వోల్టేజీ సర్దే కర్వ్ ఆప్టిమైజర్‌లో మైనస్ 10తో మొదలుపెట్టండి. వేడి తగ్గితే బూస్ట్ తనంతట తనే ఎక్కువసేపు నిలబడుతుంది. అన్ని చిప్‌లూ ఒకేలా ఉండవు, పక్కింటివాడి నంబరు మీకు పనికిరాదు. ఒక్కో మెట్టు దిగుతూ టెస్ట్ చేయండి. ఆ టెస్ట్ కూడా మే నెల మధ్యాహ్నం, ఏసీ ఆపి చేయండి.